క్రీక్‌సైడ్ సిక్స్‌కి వచ్చిన మార్కులు

హెబ్‌షా, యార్క్‌షైర్
ఫిబ్రవరి 20

క్రీక్‌సైడ్ సిక్స్ బ్యాండు నాయకుల వారికి,

నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. కాబట్టి కుశల ప్రశ్నలు వదిలేసి విషయానికొస్తాను. మా మేనకోడలు క్రిస్మస్‌కి మీ రికార్డు కొనిచ్చింది. అట్ట మీద అంత పెద్ద ట్యూబా బాకా బొమ్మ ఉంటే ఇత్తడి బ్యాండు రికార్డే అనుకుందట. నేనూ అలాగే అనుకుని పెట్టాను. మొదటి పక్క అయ్యేసరికి చేతిలో టీ చల్లారిపోయింది. ఇది పొగడ్త కాదు, జరిగిన సంగతి.

నేను ముప్ఫై ఏళ్లుగా బ్యాండ్లు విని మార్కులు వేస్తున్నాను. ప్రతి వేసవిలో మా కొండల్లో జరిగే దానికి ఎక్కడెక్కడి నుంచో వందకు పైగా బ్యాండ్లు వస్తాయి. జనం ఇసుక వేస్తే రాలనంత. అక్కడ ఎవరి సత్తా ఎంతో తేల్చేవాళ్లలో నేనొకణ్ణి. రికార్డు విని మాత్రం ఎవరికీ మార్కులు వెయ్యను, స్టూడియోలో తప్పులు కడిగేస్తారు. అందుకని పోయిన శనివారం మీరు లీడ్స్‌లో వాయిస్తున్నారని తెలిసి స్వయంగా వచ్చాను. నా పద్ధతి ప్రకారం వేదికకు వీపు పెట్టి కూర్చుని విన్నాను.

మొదలుపెట్టడం బాగుంది. రెండో పాటలో ట్రంపెట్ దారి తప్పి చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. వచ్చాక జనం చప్పట్లు కొట్టారు. తప్పిపోయిన పిల్ల ఇల్లు చేరితే సంతోషించడం సహజమే గానీ, పాట మధ్యలో కాదు. ట్యూబా అతనికి ఊపిరి ఉంది, శబ్దం ఉంది, క్రమశిక్షణ లేదు. స్వరాల కాగితం వదిలేసి సొంత కబుర్లు చెబుతున్నాడు. కాగితం కింద పడిపోయిందేమోనని మొదట సరిపెట్టుకున్నాను. ప్రతి పాటకీ పడదు కదా. డ్రమ్ముల అతను మిగతావాళ్లు ఇళ్లకు వెళ్లిపోయాక కూడా వాయించేలా ఉన్నాడు. అందరూ ఒకేసారి ఆపడం నేర్చుకోవాలి.

రెండు వందలకు నూట అరవై ఎనిమిది.

ఇట్లు,
క్లిఫర్డ్ ఓల్డ్‌రాయిడ్, న్యాయనిర్ణేత

తా.క.: ఆ రోజు కుర్చీలు రాలేదా? జనమంతా నిలబడే ఉన్నారు. పాపం, చాలామంది నిలబడలేక ఊగిపోతున్నారు.


డెప్ట్‌ఫర్డ్, లండన్
మార్చి 3

ఓల్డ్‌రాయిడ్ గారికి దారి తప్పిన ట్రంపెట్ నమస్కారాలు!

మీరు ఫోన్ నంబరు ఇవ్వలేదు. స్టాంపులు ఎక్కడ అమ్ముతారో కనుక్కోవడానికే నాకు రెండు రోజులు పట్టింది, ఆలస్యానికి క్షమించండి. నా పేరు జొనెల్ బ్రాత్‌వెయిట్. బ్యాండు పెట్టింది నేనే.

ఆ గోడకేసి చూస్తూ రాసుకుంటున్న టై మనిషి మీరేనా! చప్పుడు ఎక్కువైందని కౌన్సిల్ వాళ్లు పంపిన మనిషి అనుకున్నాం. మా డ్రమ్మర్ భయపడి ఆ రోజు సగం చేత్తోనే వాయించాడు. మీకు వినబడింది ఆ సగమే.

మీరు ఎవరి తరఫున వచ్చారో అడగను. ఇలాంటివి బయటికి చెప్పకూడదని నాకు తెలుసు. చెప్పా పెట్టకుండా వచ్చి విని, వేసవికి బ్యాండ్లని ఎంచుకునే పెద్దవాళ్లు ఉంటారని మాలో చాలామంది అంటుంటే నేను నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను.

ఒక్క సంగతి చెప్పుకోవాలి. మా ట్యూబా టోబేకి క్రూయిజ్ ఓడలో ఉద్యోగం వచ్చింది, భోజనాల వేళ వాయించే పని. జూన్ లోపు మాకు మంచి అవకాశం ఏదీ రాకపోతే ఓడ ఎక్కేస్తానన్నాడు. "ఎవరైనా వింటున్నారా లేదా తెలీకుండా ఎన్నాళ్లని ఊదను జొనెల్? డాన్సు చేసేవాళ్లు డ్రమ్ముకి చేస్తారు. కింద నేనేం చెప్తున్నానో ఎవడికి పట్టింది?" అంటాడు. టోబే లేకపోతే క్రీక్‌సైడ్ సిక్స్ లేదు. మా పాటలన్నీ అతని మీదే కట్టినవి. పునాది పీకేసి మేడ నిలబెట్టమంటే ఎలా నిలబెడతాను?

కాబట్టి మీరు చెప్పిన ప్రతి లోపం దిద్దుకుంటాం. నేను కావాలనే దారి తప్పుతానని చెప్పాలనుంది గానీ, చెప్పను.

మీ విధేయురాలు,
జొనెల్

తా.క.: వాళ్లు ఊగిపోవడం కాదండీ, డాన్సు.

ఇంకో తా.క.: ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకి మాత్రం, పెద్ద వేసవి ఫెస్టివల్ వాళ్లు మా కోసం మనిషిని పంపారని చెప్పాను. మా అమ్మకి చెప్పడమంటే చర్చిలో మైకు పెట్టి చెప్పినట్టే.


హెబ్‌షా
మార్చి 9

కుమారి బ్రాత్‌వెయిట్‌కు,

రిమార్కులకు ఎదురు చెప్పకుండా దిద్దుకుంటామన్న బ్యాండు నాకు ఇన్నేళ్లలో ఇదే మొదటిది. మీ అమ్మగారికి మీరు చెప్పినట్టు అది పెద్దదే. మా తాత పుట్టక ముందు నుంచీ జరుగుతోంది. అయితే మీ కష్టాలు విని నేను మార్కు కలపను. ఓడ సంగతి ఓడది, మార్కు సంగతి మార్కుది.

మీరు రాసింది చదివాక హడర్స్‌ఫీల్డ్‌లో రికార్డుల దుకాణానికి వెళ్లి, ఇప్పుడు మన దేశంలో మీలా వాయిస్తున్న జాజ్ ఏదైనా ఉందా అని అడిగాను. ఒక బల్ల నిండా చూపించారు. లండన్ వాళ్లవి, మాంచెస్టర్ వాళ్లవి, బ్రిస్టల్ వాళ్లవి. ఒకదాంట్లో హార్ప్ ఉంది. ఒకదాంట్లో ఇద్దరు డ్రమ్మర్లున్నారు, వాళ్లిద్దరికీ మాటల్లేవనిపించింది. మోయగలిగినన్ని తెచ్చుకుని విన్నాను. ఎవరూ కాగితం చూడటం లేదు. ఇది మీ ఒక్కరి జబ్బు అనుకుని లీడ్స్‌లో మిమ్మల్ని గట్టిగా అన్నాను. దేశమంతా ఉంది.

మీ రికార్డు రెండో పక్క రోజూ వింటున్నాను. ఇష్టం కొద్దీ కాదు, నేను వేసిన మార్కు సరైనదా కాదా అని. వచ్చే నెల మాంచెస్టర్‌లో మీరు వాయించేటప్పుడు మళ్లీ వస్తాను. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు వాయించండి. అంతకన్నా ఏమీ అడగను.

ఇట్లు,
సి. ఓల్డ్‌రాయిడ్

తా.క.: మా ఆవిడ డోరీన్ కూడా ట్యూబాయే. ముప్ఫై ఏళ్లుగా మా ఊరి హెబ్‌షా సిల్వర్ బ్యాండులో వాయిస్తోంది. ఈ ముప్ఫై ఏళ్లలో ఆ బ్యాండుకి నేను మొదటి బహుమతి ఒక్కసారీ ఇవ్వలేదు. మేము మార్కులు వేసేది తెర వెనక నుంచి, ఎవరు వాయిస్తున్నారో కనబడదు కాబట్టి ఆవిడ ఉన్నా నేను తీర్పు చెప్పడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆవిడకి తప్ప.


డెప్ట్‌ఫర్డ్
ఏప్రిల్ 2

ఓల్డ్‌రాయిడ్ గారికి,

కాగితాలు పెట్టుకునే స్టాండ్లు ఆరు కొన్నాం. పాటలన్నీ మొదటి నుంచి చివరి దాకా రాసేశాను, నేను దారి తప్పే చోట్లతో సహా. ఇప్పుడు ఎక్కడ తప్పాలో, ఎక్కడ తిరిగి రావాలో కాగితం మీద ఉంది. ఒకేసారి ఆపడం కూడా వచ్చేసింది. మొదటిసారి అలా ఆపినప్పుడు మేమే ఉలిక్కిపడ్డాం.

టోబే రెండు రోజులు అలిగాడు. "నేను ఊదింది నాకే రాసిచ్చి ఊదమంటావేంటి? నా ఉత్తరం నాకే పోస్టు చేసినట్టుంది" అన్నాడు. "జూన్ దాకా ఓపిక పట్టరా బాబూ, ఆ పెద్దాయన చేతిలో ఉంది మన గతి" అని బతిమాలాను. పట్టాడు.

మాంచెస్టర్‌లో పాట మధ్యలో చప్పట్లు కొట్టొద్దని ముందే చెప్పేస్తాం.

మీ విధేయురాలు,
జొనెల్

తా.క.: మిమ్మల్ని చూడనట్టే నటిస్తాం. మీరూ మమ్మల్ని చూడరు కాబట్టి ఇబ్బంది లేదు.


హెబ్‌షా
ఏప్రిల్ 28

జొనెల్‌కు,

రెండు వందలకు నూట ఎనభై ఏడు. పందొమ్మిది మార్కులు పెరిగాయి. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు వాయించారు. అందరూ ఒకేసారి ఆపారు. రాయడానికి ఒక్క లోపం లేదు.

అయినా ఇంటికొచ్చే రైల్లో నాకు కాస్త వెలితిగా అనిపించింది. నేను తిన్నది పడలేదనుకుంటున్నాను. ఇంటికొచ్చి మీ రికార్డు పెట్టుకుందామంటే అది అట్టలో లేదు. వంటగదిలో, కడిగిన గిన్నెల పక్కన దొరికింది. అదేమిటని డోరీన్‌ని అడిగితే, "నువ్వు మార్కుల కోసం వింటావు, నేను వినడం కోసం వింటాను. అడ్డం లే" అంది.

సరే, అసలు విషయం. జూన్ ఆరో తేదీ శుక్రవారం మా దగ్గరికి రండి. పిలుస్తున్నది నేను. తీర్పు చెప్పేది మాత్రం ఆ రోజు వాయించింది విన్నాకే.

ఇట్లు,
క్లిఫర్డ్ ఓల్డ్‌రాయిడ్


డెప్ట్‌ఫర్డ్
మే 2

ఓల్డ్‌రాయిడ్ గారికి వెయ్యి నమస్కారాలు!

మీ ఉత్తరం చదివి మా అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. టోబే ఏడవలేదు గానీ ఓడవాళ్లకి ఇంకో వారం ఆగమని రాశాడు. వాళ్ల ఓడ జూన్ పదకొండున సౌతాంప్టన్ నుంచి బయల్దేరుతుంది. "ఆరో తేదీ ఆ జనం మధ్య వాయించాక కూడా నాకు వెళ్లాలనిపిస్తే వెళ్తా. లేకపోతే ఈ జన్మకి ఓడ మాట ఎత్తను" అన్నాడు. కాబట్టి ఇక అంతా ఆ రోజు మీదే ఉంది.

కొన్ని సందేహాలు. వేదిక ఎంత పొడవు? లైట్ల సంగతి ఎవరితో మాట్లాడాలి? వాయించే ముందు కూర్చోవడానికి గది ఇస్తారా? మా ముందు ఎవరు, మా తర్వాత ఎవరు?

మీ
జొనెల్

తా.క.: మా అమ్మ ఆ రోజు కోసం టోపీ కొంది. వెనక కూర్చున్నవాళ్లకి వేదిక కనిపించదని ముందే మనవి.


హెబ్‌షా
మే 7

జొనెల్‌కు,

వేదిక పోస్టాఫీసు దగ్గర మొదలై చర్చి గేటు దాకా ఉంటుంది. కాస్త ఎగుడు. లైట్ల సంగతి పైవాడే చూసుకుంటాడు, వాన వస్తే ఆయనే ఆర్పుతాడు. కూర్చోవడానికి పబ్బు ఉంది గానీ కుర్చీ దొరకడం మీ అదృష్టం. ముందెవరో వెనకెవరో నాకు తెలియకూడదు. మీరెన్నో వారో కూడా నాకు చెప్పకండి.

పోస్టాఫీసు నుంచి నడుస్తూ వాయించుకుంటూ వచ్చి, పబ్బు మేడ మీది కిటికీ కింద ఆగి, దీంతో పంపుతున్న మార్చ్, అంటే కవాతు పాట, వాయించాలి. నేను ఆ కిటికీ తెర వెనక ఉంటాను. తలుపుకి బయట గడియ పెడతారు. మీలో ఎవరూ నన్ను పిలవకూడదు. నేను మిమ్మల్ని చూడకూడదు. వాయించేటప్పుడు న్యాయనిర్ణేత తెర తీసి చూస్తే, ఆ బ్యాండు పేరు జాబితాలోంచి కొట్టేస్తారు. వాయించగానే బస్సెక్కి తర్వాతి ఊరికి వెళ్లాలి, అక్కడా ఇదే పద్ధతి. ఇత్తడివీ డ్రమ్ములూ తప్ప మరేవీ పనికిరావు. మీ జట్టులో సాక్సఫోన్ ఉందని గుర్తు. దానికి వేరే పని చూడండి.

ఇట్లు,
క్లిఫర్డ్

తా.క.: మీ రికార్డు మళ్లీ కనిపించడం లేదు. ఈసారి గిన్నెల దగ్గరా లేదు. మేనకోడలు తిరిగి పట్టుకుపోయిందేమో. ఇచ్చిన వస్తువు అడక్కుండా తీసుకెళ్లే రకం కాదు, అదే ఆశ్చర్యం.


డెప్ట్‌ఫర్డ్
జూన్ 9

ఓల్డ్‌రాయిడ్ గారికి,

పోస్టాఫీసు నుంచి చర్చి దాకా వేదిక అంటే, ఇంత పెద్ద స్టేజీ ఎవరు కట్టారా అనుకుంటూ వచ్చాం. బస్సు దిగి, స్టేజీ ఎక్కడండీ అని ఒకాయన్ని అడిగాను. "నువ్వు నిలబడ్డదేనమ్మా" అన్నాడు. కిందికి చూస్తే తారు రోడ్డు, గొర్రెల పెంటికలు. చుట్టూ బంగారు అంచు కోట్లేసుకున్న బ్యాండ్లు, ఒక్కోదాంట్లో పాతికమంది. మేము ఐదుగురం, జెండా పట్టుకుని సాక్సఫోన్ కాలిన్.

మీరు ఫెస్టివల్ మనిషి కాదని అప్పుడు అర్థమైంది. తప్పు మీది కాదు. మీరు ఎప్పుడూ అలా చెప్పలేదు. అడగాల్సినది నేను అడగలేదు, గొప్ప తెలివైనదాన్నని.

వచ్చాం కాబట్టి వాయించాం. మీ మార్చ్ చుక్క కూడా జారకుండా వాయించాం. కిటికీ కింద ఆగినప్పుడు టోబే తలెత్తి ఆ తెరని చూశాడు. తర్వాత బస్సులో, "ఇదేనా మన పెద్ద ఫెస్టివల్? మనల్ని విన్నది ఒక పరదా గుడ్డ" అన్నాడు. బస్సు ఇంకా మీ వీధి దాటలేదు, ముందు బండ్లు ఆగిపోయాయి. టోబే ఉన్నట్టుండి లేచి, ట్యూబా భుజానికి తగిలించుకుని దిగిపోయాడు. పిలిచినా తిరిగి చూడలేదు. మర్నాడు ఒక్క ముక్క పంపాడు: "బాగానే ఉన్నా. వెతకొద్దు." ఆ తర్వాత ఫోన్ ఆపేశాడు. ఎల్లుండి ఓడ.

మీ ఊళ్లో మొదటి బహుమతి మాకే వచ్చిందని చెప్పి కప్పు పంపారు. దాని గురించే రాస్తున్నాను. తెర వెనక నుంచి మమ్మల్ని గుర్తుపట్టి, జాలిపడి ఇచ్చారా? నిజం చెప్పండి. అలాగైతే తిప్పి పంపేస్తాను. ఇంకేం చేసుకోను? వాయించడానికి బ్యాండే లేదు.

జొనెల్

తా.క.: మా అమ్మకి ఇవన్నీ ఇంకా చెప్పలేదు. కప్పులో ఉల్లిపాయలు పోసుకుంది.


హెబ్‌షా
జూన్ 12

అమ్మాయ్ జొనెల్,

నీ ఉత్తరం చేరేసరికి ఓడ వెళ్లిపోయింది. కంగారు పడకు, చివరి దాకా చదువు.

జాలి కాదు. మిమ్మల్ని గుర్తుపట్టనేలేదు. మీరు వాయిస్తుంటే ఏదో పాత బొగ్గుగని బ్యాండు, తాతల నాటి నుంచీ క్రమం తప్పనివాళ్లు అనుకున్నాను. నూట తొంభై ఒకటి వేశాను. వేసి, మీరెప్పుడు వస్తారా అని ఎదురు చూస్తూ కూర్చున్నాను.

మీ తర్వాత బ్యాండు వచ్చింది. అదే మార్చ్. సగం దాకా అందరిలాగే వాయించారు. ఉన్నట్టుండి కింద ట్యూబా కాగితం వదిలేసింది. మీ రికార్డు రెండో పక్కలో టోబే నడిచే ఆ దారి ఉందే, ఇంకొంచెం ముందుకి వెళ్లినట్టే వెళ్లి వెనక్కి లాగడం, అదే. మిగతావాళ్లు మొదట తడబడి, తర్వాత దాని వెంట పడ్డారు. పెన్ను పక్కన పెట్టేశాను. వచ్చారు, నా మాట వినకుండా వచ్చారు, ఎంత మంచి పని చేశారు అనుకున్నాను. నూట తొంభై తొమ్మిది రాసేశాను. ముప్ఫై ఏళ్లలో ఎవరికీ వెయ్యలేదు. అక్కడితో ఆగాల్సింది. టోబే ముఖం ఒక్కసారి చూడాలనిపించింది. లేచి తెర లాగేశాను.

కింద మా ఆవిడ. కళ్లు మూసుకుని ఊదుతోంది. చుట్టూ మా హెబ్‌షా సిల్వర్ బ్యాండు. నా రికార్డు నాలుగు వారాలుగా వాళ్ల బ్యాండు గదిలో తిరుగుతోందట. రోడ్డుకి అవతల ఆగిన బస్సు పక్కన, ట్యూబా భుజాన వేసుకున్న ఒక కుర్రాడు నిలబడి ఆవిణ్ణే చూస్తున్నాడు.

తెర తీశాను కాబట్టి హెబ్‌షా పేరు కొట్టేశారు. తర్వాతి మార్కు మీది, కప్పు మీకొచ్చింది. నన్నూ పని నుంచి తప్పించారు, అది న్యాయమే. డోరీన్ అన్నది నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ముప్ఫై ఏళ్లకి నీ చేతుల మీదుగా ఫస్ట్ వచ్చింది. దాన్నీ నీ చేతులతోనే చెడగొట్టావు కదయ్యా మహానుభావా!" మూడు రోజులు నాతో మాట్లాడలేదు. టోబేతోనే మాట్లాడింది.

అవును, మా వంటగదిలోనే ఉన్నాడు. ఆ రోజు ఆవిడ దగ్గరికి వచ్చి, "ఇది మీకెవరు నేర్పారండీ?" అని అడిగాడు. "నువ్వే నాయనా. గిన్నెలు కడుగుతుంటే నేర్పావు" అంది. అతను మా మెట్ల మీద కూలబడిపోయాడు. ఫోన్ ఎందుకు ఆపేశావని అడిగితే, ఓడవాళ్లు చేస్తూనే ఉన్నారన్నాడు. నిన్న ఓడ బయల్దేరే వేళకి గడియారం చూశాడు. చూసి, ఇంకాస్త గ్రేవీ పొయ్యమన్నాడు.

నేను వేసిన పాత మార్కులన్నీ చింపెయ్యి. స్టాండ్లు అమ్మెయ్యి. నువ్వు దారి తప్పితేనే నాకు బాగుంటుందమ్మా. తొలిరోజే బాగుంది, ఒప్పుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది.

నీ
క్లిఫర్డ్

తా.క.: కింద టోబే తన చేత్తో రాస్తానన్నాడు.

జొనెల్, ఎవరైనా వింటారా అని ఏడుస్తూ నేను ఊదిందంతా ఒకావిడ ముక్కముక్కా కంఠస్థం పట్టింది. ఇంకెక్కడికి పోతాను? సోమవారం రైలుకి వస్తున్నా. నీకు బెంగ పెట్టినందుకు తిట్టు, అంతా అయ్యాక తిట్టు. డోరీన్ గారూ వస్తున్నారు, మనతో వాయిస్తారట. మీ అమ్మతో చెప్పి కప్పులోంచి ఉల్లిపాయలు తీయించు. దాని కోసం రావడం లేదంటున్నారు గానీ, పెద్ద సంచీ సర్దుకుంటున్నారు.